పది మెడల్స్ షెఫ్లిన్: ఆటల పేజీ ప్రశ్నలు, జవాబులు

గత నెల రూర్కెలా హాకీ గురించి వచ్చిన ఒక ప్రశ్నకి జవాబిస్తూ చివర్లో ఒక మాట అన్నాను. కర్ర పట్టి ఆడేవాళ్ళలో నాకు బాగా నచ్చినవాడు ఐర్లండ్‌కి చెందిన హెన్రీ షెఫ్లిన్ అని, హర్లింగ్ అనే ఆటలో ఆయనకి పది ఆల్ ఐర్లండ్ మెడల్స్, అంటే దేశం మొత్తానికీ జరిగే ఛాంపియన్‌షిప్ మెడల్స్, ఉన్నాయని. అంతే రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వస్తాయని అనుకోలేదు. సగం మంది ఎవరీయన అని అడిగారు, మిగతా సగం పది మెడల్సేంటి, కోతలు కొయ్యకండి అన్నారు. అందుకే ఈసారి పేజీ మొత్తం ఆయనకే. క్రికెట్ ప్రశ్నలు పంపినవాళ్ళు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టండి.

మాస్టారూ, ఒక్క మనిషికి పది ఛాంపియన్‌షిప్‌లా? జట్టు బలంగా ఉంటే బెంచి మీద కూర్చున్నవాడికీ మెడల్ వస్తుంది కదా. ఇందులో ఆయన గొప్ప ఏముంది?
– డిగ్రీ విద్యార్థి, పర్లాకిమిడి

కాస్త వెటకారం ఉన్నా మంచి ప్రశ్నే. మీరన్నదాంట్లో సగం నిజం ఉంది కూడా. షెఫ్లిన్ ఆడింది కిల్కెన్నీ కౌంటీకి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి. ఆ జట్టుకి బ్రయన్ కోడీ అనే మేనేజర్ 1998 చివర్లో వచ్చి 2022 దాకా ఉన్నాడు, ఆయన హయాంలో కిల్కెన్నీ 11 సార్లు ఆల్ ఐర్లండ్ గెలిచింది. షెఫ్లిన్ మొదటిసారి ఛాంపియన్‌షిప్ ఆడింది 1999లో, రిటైర్ అయింది 2015 మార్చిలో. అంటే కోడీ గెలిచిన పదకొండులో పదింట్లో ఈయన ఉన్నాడు: 2000, 2002, 2003, తర్వాత 2006 నుంచి 2009 దాకా వరసగా నాలుగు, ఆపైన 2011, 2012, 2014. ఇలాంటి జట్టులో పుట్టడం అదృష్టమే, కాదనను.

అయితే బెంచి మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా, అక్కడి జనం ఈ విషయంలో మనకన్నా కచ్చితంగా ఉంటారు. ఇదే కిల్కెన్నీకి గోల్‌కీపర్‌గా ఆడిన నోయెల్ స్కేహన్ దగ్గర షెఫ్లిన్ కన్నా ముందే తొమ్మిది మెడల్స్ ఉన్నాయి, కానీ వాటిలో మూడు సబ్‌స్టిట్యూట్‌గా కూర్చుని తెచ్చుకున్నవి. అందుకని రికార్డు ఆయన పేరు మీద చెప్పరు. మైదానంలో ఆడి గెలిచినవే లెక్క. ఆ లెక్కలో కార్క్ ఆటగాడు క్రిస్టీ రింగ్, టిప్పరరీ ఆటగాడు జాన్ డోయిల్ ఎనిమిదేసి మెడల్స్‌తో పైన ఉండేవాళ్ళు. డోయిల్ ఎనిమిదోది గెలిచింది 1965లో. తొమ్మిదోది ఎవరికైనా దక్కడానికి 2012 రావాల్సొచ్చింది, దక్కింది షెఫ్లిన్‌కి. పదోది మాత్రం, మనలో మన మాట, కొంచెం గ్రేస్ మార్కుల బాపతు. 2014 ఫైనల్ టిప్పరరీతో టై అయింది, మళ్ళీ ఆడిన మ్యాచ్‌లో ఆయన ఆఖర్లో సబ్‌గా దిగాడు. దిగాడు కాబట్టి లెక్కలోకి వచ్చింది.

నన్నడిగితే మెడల్స్ జట్టువి, వాటిని పక్కన పెట్టేయండి. ఇంకోటి చూడండి. ఏటా దేశం మొత్తం మీద ఉత్తమ పదిహేను మందిని ఎంచి ఆల్ స్టార్ అవార్డు ఇస్తారు, అది ఆయనకి 11 సార్లు వచ్చింది. ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడు అనేది మూడుసార్లు: 2002లో, 2006లో, 2012లో. మొదటిదానికీ చివరిదానికీ మధ్య పదేళ్ళు! ఈ పదేళ్ళలో రెండుసార్లు మోకాలు పోయింది, ఒకసారి భుజం ఆపరేషన్ అయింది. బలమైన జట్టు ఇవ్వగలిగింది కాదిది.

పైగా ఓడినవి కూడా చెప్పుకోవాలి. ఆడిన 16 సీజన్లలో 13 సార్లు జట్టు ఫైనల్‌కి చేరింది, మూడు పోయాయి. మొట్టమొదటి ఫైనలే, 1999లో, కార్క్ చేతిలో ఒక్క పాయింటుతో. 2004లో మళ్ళీ అదే కార్క్. 2010లో టిప్పరరీ. ఆ చివరిది గెలిచి ఉంటే వరసగా ఐదు అయ్యేవి, దాని కథ కింద మోకాలి ప్రశ్నలో వస్తుంది.

సార్, మా అబ్బాయి ఫోన్‌లో ఆ ఆట చూపించాడు. మా చిన్నప్పటి చిర్రగోనె లెక్క గాల్లోకి లేపి కొడుతున్నారు, మళ్ళ హాకీ లెక్క ఉరుకుతున్నారు. అసలు ఏంది ఆ ఆట?
– సిరోంచ నుంచి ఒక పాఠకుడు

చిర్రగోనె గుర్తొచ్చిందంటే మీరు సరిగ్గానే చూశారు. జట్టుకి 15 మంది. ఏష్ చెట్టు కర్రతో చేసిన హర్లీ చేతిలో ఉంటుంది, దాని కొస వెడల్పుగా చదునుగా ఉంటుంది. తోలు తొడిగిన చిన్న బంతి, దాన్ని స్లిటర్ అంటారు. హాకీలో కర్రకి ఒక వైపే వాడాలి, ఇక్కడ రెండు వైపులా వాడొచ్చు, నేల మీద కొట్టొచ్చు, గాల్లో ఉండగానే కొట్టొచ్చు, చేత్తో పట్టుకోవచ్చు. కానీ నేల మీది బంతిని నేరుగా చేత్తో తియ్యకూడదు, కర్రతో లేపాలి. చేతిలో పెట్టుకుని నాలుగు అడుగులకి మించి వెయ్యకూడదు. అందుకే కర్ర కొస మీద బంతిని నిలబెట్టుకుని పరిగెత్తుతారు, అది చూడాల్సిందే. మైదానం 130 నుంచి 145 మీటర్ల పొడవు, అంటే హాకీ గ్రౌండ్ కన్నా చాలా పెద్దది. పెద్ద మ్యాచ్ 70 నిమిషాలు. హెల్మెట్ అందరికీ తప్పనిసరి చేసింది 2010లోనే, అంతకుముందు వట్టి తలల మీద ఆడిన పెద్దలు బోలెడుమంది. మీ అబ్బాయికి హెల్మెట్ లేకుండా మాత్రం కర్ర ఇవ్వకండి.

గూగుల్‌లో ఆయన పేరు కొడితే 27-484 అని ఉంది. అది ఏ లెక్క?
– రాయగడ నుంచి, లెక్కల టీచరమ్మ

టీచరమ్మ గారూ, మీకు ఇది రెండు నిమిషాల పని. గోల్ పోస్టులు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటాయి. అడ్డకర్ర కింద నుంచి వలలోకి కొడితే గోల్, దానికి మూడు పాయింట్లు. పైనుంచి పోతే ఒక పాయింటు. స్కోరులో గోల్స్ ముందు, పాయింట్లు తర్వాత రాస్తారు. కాబట్టి 27 గోల్స్, 484 పాయింట్లు, మొత్తం 565. ఇవి ఛాంపియన్‌షిప్‌లో ఆడిన 71 మ్యాచ్‌లవి. అంటే మ్యాచ్‌కి దాదాపు 8.

ఇందులో చాలా భాగం ఫ్రీలు, అంటే అవతలివాళ్ళు ఫౌల్ చేసినప్పుడు నిలబడి కొట్టేవి. అవి సులువని కొందరంటారు. డెబ్భై ఎనభై గజాల దూరం నుంచి, గాలి ఒక పక్క నుంచి తోస్తుంటే, ఎనభై వేలమంది అరుస్తుంటే కొట్టేది సులువని నేననను. ఆయన కన్నా ముందు ఈ రికార్డు కిల్కెన్నీవాడే అయిన ఎడ్డీ కెహర్‌ది. షెఫ్లిన్ రికార్డు 2021 దాకా ఉంది, గాల్వే ఆటగాడు జో కానింగ్ రెండంటే రెండు పాయింట్ల తేడాతో దాటాడు. కానింగ్ పేరు గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ వస్తాడు.

నేను రిటైరైన పీఈటీని. మీరు రాశాక యూట్యూబ్‌లో 2012 ఫైనల్ వెతికి చూశాను. స్కోరు సమానంగా ఉంది, ఆఖరి నిమిషాలు, పెనాల్టీ దొరికింది. గోల్ కొడితే మ్యాచ్ అయిపోయేది. మీ హీరో బారు మీదుగా లేపి ఒక్క పాయింటుతో సరిపెట్టుకున్నాడు! చివరికి మ్యాచ్ టై. దీన్ని మా రోజుల్లో పిరికితనం అనేవాళ్ళం.
– బరంపురం

మాస్టారూ, ఈ ఉత్తరం కోసమే నేను ఎదురుచూస్తున్నా. ఈ ఒక్క పెనాల్టీ గురించి ఐర్లండ్‌లో అప్పట్లో జరిగిన వాదన అంతా ఇంతా కాదు. మీతో నేను ఒప్పుకోను, ఎందుకో వివరంగా చెప్తాను.

ముందు ఆ మ్యాచ్ ఎలా నడిచిందో చూడండి. అదే ఏడాది జూలైలో లెయిన్‌స్టర్ అనే ప్రాంతీయ టోర్నీ ఫైనల్లో గాల్వే కిల్కెన్నీని 2-21, 2-11తో చితక్కొట్టింది. సెప్టెంబర్‌లో మళ్ళీ ఆ రెండు జట్లే ఆల్ ఐర్లండ్ ఫైనల్లో. హాఫ్ టైమ్‌కి గాల్వే 1-9, కిల్కెన్నీ 0-5. ఏడు పాయింట్ల వెనక. సెకండ్ హాఫ్‌లో షెఫ్లిన్ ముందు వరస మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. అప్పటికి ఆయనకి 33 ఏళ్ళు, ఆ ఏటి మొదట్లో భుజం ఆపరేషన్ నుంచి కోలుకుంటూ లీగ్ మ్యాచ్‌లకే దూరంగా ఉన్నాడు. అలాంటి మనిషి ఆ సాయంత్రం బంతి ఎక్కడ పడితే అక్కడ ఉన్నాడు, పడిన బంతి తీశాడు, పాస్ ఇచ్చాడు, ఫౌల్స్ రాబట్టాడు, రాబట్టినవి తనే కొట్టాడు. మొత్తం మ్యాచ్‌లో ఆయనవి 12 పాయింట్లు. జట్టు మొత్తం చేసింది 19. మిగతా పద్నాలుగు మందీ కలిసి ఏడు.

ఇప్పుడు పెనాల్టీకి వద్దాం. మీరు హాకీ పెనాల్టీ స్ట్రోక్ ఊహించుకుంటున్నారు, ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే ఉంటాడని. ఆ రోజుల్లో హర్లింగ్ పెనాల్టీకి గోల్ లైను మీద ముగ్గురు నిలబడేవాళ్ళు. ఒక్కడికి ఒక్కడు అన్న రూలు వచ్చింది 2015లో, షెఫ్లిన్ వెళ్ళిపోయాకే. ముగ్గురి మధ్యలోంచి కొడితే ఆగిపోవడానికి అవకాశం గట్టిగా ఉంది, ఆగితే స్కోరు సమానంగానే ఉంటుంది, గాల్వే కుర్రాళ్ళకి ఊపొస్తుంది. పైనుంచి లేపితే ఒక పాయింటు ఆధిక్యం ఖాయం, ఇంకా రెండు మూడు నిమిషాలు కాపాడుకుంటే చాలు. నిలబడి లెక్క వేసుకున్నాడు, లేపాడు.

ఆయనకి దమ్ము లేక కాదు. 2009 ఫైనల్ చూడండి, టిప్పరరీతో. కిల్కెన్నీ వెనకబడి ఉంది, చివరి నిమిషాల్లో పెనాల్టీ దొరికింది, అది పెనాల్టీ అవునా కాదా అని టిప్పరరీవాళ్ళు ఇప్పటికీ గొణుగుతూనే ఉంటారు. అప్పుడూ లైను మీద ముగ్గురే. కానీ అప్పుడు ఒక పాయింటు సరిపోదు. కొట్టాడు, వలలో పడింది. కాసేపటికే ఇంకో గోల్, 2-22, 0-23తో నాలుగో వరస టైటిల్. అదే మనిషి, అదే క్రోక్ పార్క్ స్టేడియం, అదే పెనాల్టీ. ఏ రోజుకి ఏది కావాలో అది ఎంచుకున్నాడు. దీన్ని పిరికితనం అనడం అన్యాయం.

ఇక మ్యాచ్ టై అవడం ఆయన తప్పు కాదు. ఇంజురీ టైమ్‌లో జో కానింగ్ ఫ్రీ కొట్టి సమం చేశాడు, అప్పటికి ఆ కుర్రాడికి 23 ఏళ్ళు, అది ఆ కుర్రాడి గొప్ప. మూడు వారాల తర్వాత మళ్ళీ ఆడితే కిల్కెన్నీ 3-22, 3-11తో గెలిచింది. షెఫ్లిన్ తొమ్మిదోది అదే. కానీ నా మటుకు ఆయన కెరీర్‌లో తలమానికం ఆ గెలిచిన రెండో మ్యాచ్ కాదు, టై అయిన మొదటిదాని సెకండ్ హాఫ్. మాస్టారూ, వీలైతే పెనాల్టీ ముక్క కాకుండా ఆ ముప్ఫై అయిదు నిమిషాలూ చూసి మళ్ళీ రాయండి. అప్పటికీ మీ మాట మీదే ఉంటే ప్రచురిస్తాను, ఒట్టు.

మా పాప స్టేట్ లెవెల్‌లో ఖో ఖో ఆడుతుంది. మోకాలి లిగమెంట్ తెగిందన్నారు, ఆపరేషన్ అయింది. ఇంక ఆట మానిపించమని చుట్టాలందరూ అంటున్నారు, నాకు ఒకటే టెన్షన్. మీ షెఫ్లిన్‌కి కూడా అదే అయిందని ఎక్కడో చదివాను. నిజమేనా అన్నయ్యా?
– జయపురం నుంచి ఒక అమ్మ

నిజమేనమ్మా. ఒకసారి కాదు, రెండుసార్లు. డాక్టర్లు ఏసీఎల్ అంటారే, అదే.

మొదటిసారి 2007 ఫైనల్లో. ఆ ఏడాది జట్టు కెప్టెన్ ఆయనే. లిమరిక్ మీద ఫస్ట్ హాఫ్‌లోనే ఒక గోల్, రెండు పాయింట్లు కొట్టాడు, మోకాలు మెలిపడింది, హాఫ్ టైమ్ తర్వాత మైదానంలోకి రాలేదు. జట్టు గెలిచింది. ఆపరేషన్ చేయించుకుని నెలల తరబడి కసరత్తు చేసి 2008లో వచ్చాడు, ఆ ఏడాదీ టైటిల్, ఆ ఏడాదీ ఆల్ స్టార్.

రెండోసారి జరిగిందే మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. 2010 ఆగస్టులో కార్క్ మీద సెమీ ఫైనల్లో మళ్ళీ తెగింది. ఫైనల్‌కి నాలుగు వారాలే ఉంది. వరసగా ఐదో టైటిల్ అనే ఆశ, ఊరూవాడా అదే మాట. ఆపరేషన్ వాయిదా వేసుకుని, మోకాలి చుట్టూ కండరాలకి బలం తెచ్చుకుంటే ఆడొచ్చేమో అని ప్రయత్నించాడు. ఫైనల్‌కి ముందు కిల్కెన్నీ సొంత మైదానం నౌలన్ పార్క్‌లో ప్రాక్టీసుకి దిగితే, ఆయన పరిగెత్తగలడా లేదా అని చూడటానికే జనం వేలల్లో వచ్చారు. ఫైనల్లో దిగాడు కూడా. పావుగంట గడవకుండానే కుంటుకుంటూ బయటికి వచ్చేశాడు. టిప్పరరీ 4-17, 1-18తో గెలిచింది. ఆ ఆత్రం నాకు అర్థమవుతుంది, కానీ అది తప్పుడు నిర్ణయమనే అంటాను.

తర్వాత ఆపరేషన్ చేయించుకుని, పద్ధతిగా కోలుకుని, 2011 వేసవికి వచ్చాడు. సెప్టెంబర్‌లో అదే టిప్పరరీని ఫైనల్లో ఓడించారు. ఆ మరుసటి ఏడే పైన మాస్టారికి చెప్పిన మ్యాచ్.

మీ పాప విషయంలో చుట్టాల మాటా వద్దు, నా మాటా వద్దు. ఆపరేషన్ చేసిన డాక్టరు, ఫిజియో ఏ నెలలో ఏం చెయ్యమంటే అదే చెయ్యండి. "ఇంకో పది రోజుల్లో సెలెక్షన్స్ ఉన్నాయి" అని ఎవరైనా తొందరపెడితే మాత్రం వినకండి. ఖో ఖోలో కూర్చుని లేవడం, ఉన్నపళంగా తిరగడం, ఆ బరువంతా మోకాలి మీదే. తొందర లేదమ్మా.

ఇంత ఆడినాయన కోట్లు వెనకేసి ఉండాలే?
– గుణుపురం

ఆడినందుకు జీతం సున్నా. ఆ ఆటని నడిపే జీఏఏ సంస్థ 1884లో పుట్టినప్పటి నుంచీ అమెచ్యూరే. ఫైనల్‌కి 82 వేలమంది టికెట్ కొనుక్కుని వస్తారు, ఆడేవాళ్ళకి జీతం ఉండదు, ప్రయాణ ఖర్చులూ అవీ ఇస్తారంతే. షెఫ్లిన్ బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూ ఆడాడు. పేరొచ్చాక ప్రకటనలూ అవీ వచ్చాయి, ఆ మాత్రం ఉంటుంది. మన ఐపీఎల్ లెక్కలు మాత్రం పెట్టుకోకండి. సోమవారం పొద్దున్న కౌంటర్ దగ్గర కస్టమర్, నిన్న ఆ బంతి ఎందుకు వదిలేశావయ్యా అని అడిగే రకం జీవితం.

మేం పుట్టింది మహారాష్ట్ర, ఇంట్లో తెలుగు, చుట్టాలందరూ అవతల ఆసిఫాబాద్, మంచిర్యాల వైపు. మా తమ్ముడు కబడ్డీ ఆడతాడు. ఇక్కడ మమ్మల్ని తెలుగోళ్ళు అంటారు, అక్కడికి పోతే మరాఠోళ్ళు అంటారు. ఆ దేశంలో సరిహద్దు ఊళ్ళవాళ్ళు ఎవరికి ఆడతారు?
– రాజురా, చంద్రపూర్ జిల్లా

మీ బాధ మాకు తెలియందా! పర్లాకిమిడి నుంచి సిరోంచ దాకా ఈ పేజీ చదివేవాళ్ళందరిదీ అదే కథ.

హర్లింగ్‌లో ఆటగాళ్ళని కొనుక్కోవడం, అమ్ముకోవడం లేదు. ఊరు ఏదో క్లబ్బు అదే, ఆ క్లబ్బు ఏ కౌంటీలో ఉంటే మామూలుగా ఆ కౌంటీకే. షెఫ్లిన్ ఊరు బాలీహేల్, కిల్కెన్నీకి దక్షిణాన ఉంటుంది, అక్కడికి వాటర్‌ఫర్డ్ నగరం పెద్ద దూరం కాదు. కాలేజీ చదువు ఆ వాటర్‌ఫర్డ్‌లోనే. కాలేజీ జట్టుకి ఆడి వాళ్ళకి కాలేజీల మధ్య జరిగే ఫిట్జ్‌గిబ్బన్ కప్ కూడా తెచ్చాడు. అంతమాత్రాన వాటర్‌ఫర్డ్ వాడైపోలేదు. 2008లో ఆల్ ఐర్లండ్ ఫైనల్లో ఎదురుపడింది ఆ వాటర్‌ఫర్డే, కిల్కెన్నీ 3-30, 1-13తో, అంటే 23 పాయింట్ల తేడాతో, జాలి లేకుండా కొట్టింది. చదువుకున్న ఊరు కదా అని ఎవరూ ఏమీ అనలేదు, ఆయనా మొహమాటపడలేదు.

క్లబ్బుకీ అంతే. బాలీహేల్ షామ్‌రాక్స్ తరఫున 2007, 2010, 2015లలో ఆల్ ఐర్లండ్ క్లబ్ టైటిల్స్ గెలిచాడు. ఆ చివరిది 2015 మార్చి 17న, సెయింట్ పాట్రిక్స్ డే రోజు. ఎనిమిది రోజులకే కౌంటీ ఆటకి రిటైర్మెంట్ చెప్పేశాడు.

మీ తమ్ముడు ఏ రాష్ట్రం బడిలో చదువుతున్నాడో ఆ రాష్ట్రానికే స్కూల్ గేమ్స్‌లో ఆడతాడు, కాబట్టి మహారాష్ట్రకి ఆడనివ్వండి, నిండు మనసుతో ఆడనివ్వండి. ఇంట్లో ఏ భాష మాట్లాడాలో కబడ్డీ కోర్టు చెప్పదు.

ఎప్పుడూ గొడవ పడలేదా? మరీ సాధువులా రాస్తున్నారు.
– ఛత్రపురం

అంత లేదు. 2013లో కార్క్ మీద క్వార్టర్ ఫైనల్లో రెండో ఎల్లో కార్డు చూపించి బయటికి పంపేశారు. కౌంటీ ఛాంపియన్‌షిప్‌లో ఆయన్ని మైదానం నుంచి పంపడం అదే మొదలు, ఆ మ్యాచ్ కూడా ఓడిపోయారు. పాదంలో ఎముక చిట్లి ఆ ఏడాది సగం పైగా బయటే ఉన్నాడు, వచ్చాక ఇలా అయింది. 34 ఏళ్ళకి ఇక చాలు అనుకుంటారని అందరూ ఎదురుచూస్తే ఇంకో ఏడాది ఆడాడు, ఆ గ్రేస్ మార్కుల మెడల్ అలా వచ్చింది.

ఇప్పుడేం చేస్తున్నాడు?
– కిన్వట్, నాందేడ్ జిల్లా

ఆట మానేశాక మేనేజర్ అయ్యాడు. సొంత ఊరి క్లబ్బుని 2019, 2020లలో ఆల్ ఐర్లండ్ గెలిపించాడు. తర్వాత ఏకంగా గాల్వే కౌంటీకి వెళ్ళాడు, కానింగ్ వాళ్ళ గాల్వేకి! తన కిల్కెన్నీకి ఎదురు నిలబడాల్సొచ్చింది. 2022లో ఒక మ్యాచ్ గాల్వే గెలిచాక కోడీ ఆయనకి ఇచ్చిన షేక్‌హ్యాండ్ ఎంత ముక్తసరిగా ఉందో దాని మీద వారం రోజులు మాట్లాడుకున్నారు. 2023 లెయిన్‌స్టర్ ఫైనల్లో ఆఖరి క్షణంలో కిల్కెన్నీ గోల్ కొట్టి 4-21, 2-26తో, అంటే ఒక్క పాయింటుతో, గాల్వే నోటి దగ్గర కప్పు లాక్కుపోయింది. 2024 సీజన్ తర్వాత తప్పుకున్నాడు. ఆటగాడిగా ఉన్నంత వెలుగు మేనేజర్‌గా కౌంటీ స్థాయిలో లేదు, అది ఒప్పుకోవాలి.

మన దగ్గర లైవ్ చూడొచ్చా?
– ఇదే ప్రశ్న అడిగిన చాలామంది

మన టీవీ ఛానళ్ళలో ఆశపెట్టుకోకండి, ఆన్‌లైన్‌లో వెతుక్కోవాలి. ఫైనల్ ఇదివరకు సెప్టెంబర్‌లో ఉండేది, ఇప్పుడు జూలైలో ఆదివారం పెడుతున్నారు. అక్కడ మధ్యాహ్నం మూడున్నరకి మొదలైతే మనకి రాత్రి ఎనిమిది. ఆ వేళకి కరెంటు ఉంటే చూడండి, లేకపోతే మర్నాడు యూట్యూబ్‌లో ముఖ్యమైన ముక్కలు దొరుకుతాయి.